ఆక్సెల్‌రాడ్ పైథాన్ లైబ్రరీ: నాయిస్ పెట్టి చూడండి

జంతువుల్లో సహకారం ఎలా నిలబడుతుందో పరీక్షించాలనుకునే విద్యార్థికి ఈ ఉచిత లైబ్రరీ బాగా పనికొస్తుంది. పైథాన్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్‌తో ఇన్‌స్టాల్ చేస్తే ఖైదీల సందిగ్ధం ఆటకు (ఇద్దరు ఆటగాళ్లు ప్రతి ఎత్తులో సహకరించాలా, ద్రోహం చేయాలా అని ఎంచుకునే ఆట) రెండొందలకు పైగా వ్యూహాలు చేతికొస్తాయి. మనమేమీ మార్చకపోతే పాయింట్లు ఇవి: సహకరించినవాడికి ద్రోహం చేస్తే 5, ఇద్దరూ సహకరిస్తే చెరో 3, ఇద్దరూ ద్రోహం చేస్తే చెరో 1, మోసపోయినవాడికి 0. టోర్నమెంటులో ఒక్కో పోటీకి 200 ఎత్తులు, మొత్తం 10 ఆవృత్తులు.

ముందుగా చూడాల్సింది నాయిస్, అంటే ఎత్తు పొరపాటున తారుమారయ్యే సంభావ్యత. దాన్ని 0 దగ్గరే వదిలేస్తే దెబ్బకు దెబ్బ తీసే 'టిట్ ఫర్ టాట్'కు తిరుగులేదనిపిస్తుంది. 0.01 పెట్టండి. ఒక్క పొరపాటు చాలు, రెండు టిట్ ఫర్ టాట్‌లూ నువ్వొకటంటే నేనొకటంటూ కక్షలో పడతాయి. ఎత్తులు పెంచేకొద్దీ ఒక్కో ఎత్తుకు వచ్చే సగటు పాయింట్లు 3 నుంచి 2.25 వైపు జారతాయి. ద్రోహాన్ని మూడింట ఒక వంతు సార్లు క్షమించే 'జెనరస్' రకం ఇక్కడ గట్టెక్కుతుంది.

ఎక్కువ పాయింట్లొచ్చిన వ్యూహం జనాభాలో ఎలా వ్యాపిస్తుందో చూపే మొరాన్ ప్రక్రియ కూడా ఇందులో ఉంది. దానికి సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యలను ప్రతిసారీ ఒకేలా రప్పించే అంకె) ఇవ్వకపోతే ఫలితం రన్ రన్‌కీ మారిపోతుంది. మ్యుటేషన్ (వ్యూహం ఉన్నట్టుండి మరో వ్యూహంగా మారడం) పెట్టి, ప్రక్రియను చివరిదాకా నడిపే 'ప్లే' పిలిస్తే ఎర్రరే, ఎందుకంటే ఆ ఆటకు ముగింపు లేదు. లూప్‌లో నడిపి, ఇన్ని దఫాలని మీరే ఆపాలి.

పెద్ద లోటు ఒకటుంది: ఎత్తంటే సహకారమో ద్రోహమో, అంతే. 1984లో జీవశాస్త్రవేత్త విల్కిన్సన్ వర్ణించిన రక్తం తాగే గబ్బిలాలు ఆకలితో ఉన్న తోటి గబ్బిలానికి తాగిన రక్తం కక్కి పెట్టేదాంట్లో ఎక్కువ తక్కువలుంటాయి, ఎవరికి పెట్టాలనే ఎంపికా ఉంటుంది. ఈ రెండింటికీ కోడ్ సొంతంగా రాసుకోవాల్సిందే.