రెండు సెకండ్ హ్యాండ్ కార్లు: ఒకటి విశాఖది, ఒకటి ఢిల్లీది

విశాఖలో మా అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకుంటే ముందు నా దగ్గరికి వస్తారు. నేను మెకానిక్‌ని కాను, కార్ల వ్యాపారం అసలే లేదు. తొమ్మిదేళ్ళలో రెండు పాత కార్లు వాడాను. ఒకటి ఇక్కడిదే, ఇంకొకటి ఢిల్లీ నుంచి తెచ్చింది. రెండూ చెరో రకంగా నా తిక్క కుదిర్చాయి. ఆ సంగతులే రాస్తున్నాను. కంపెనీల పేర్లు, మోడళ్ళ పేర్లు రాయను. నా గొడవ కంపెనీతో కాదు, బండి ఎక్కడ తిరిగిందన్న దానితో.

ముందు ఒక చిన్న సంగతి. మనకి పోర్టు ఉంది కదా, జపాన్ నుంచో దుబాయ్ నుంచో పాత కారు షిప్పులో దింపుకుంటే చవక కదా అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కుదరదు. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి, అదీ ముంబయి రేవులోనే దిగాలి. దుబాయ్ బండ్లకి స్టీరింగ్ ఎడమవైపు, కాబట్టి వాటి కథ అక్కడితో సరి. జపాన్ బండికి కుడివైపే ఉన్నా, సుంకాలు కట్టేసరికి కారు ధర కంటే ఎక్కువే మళ్ళీ పెట్టాలి. అందుకే మన ఊళ్ళో ‘బయటి బండి’ అంటే వేరే రాష్ట్రం నంబరున్న బండి అనే అర్థం.

మొదటిది 2016లో కొన్నాను. 2012 మోడల్, చిన్న డీజిల్ కారు, ఏపీ 31 నంబరు, 3 లక్షల 40 వేలు. పెదవాల్తేరులో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్ గారిది. బేరమాడదామని వెళ్తే ఆయన ముందు కాఫీ ఇచ్చారు, తర్వాత ఫైలు చేతిలో పెట్టారు. 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను రోజు, చెట్టు కొమ్మ విరిగి బానెట్ మీద పడిందని ఆయనే చెప్పి, టింకరింగ్ బిల్లు చూపించారు. "కంచరపాలెంలో మా మేస్త్రీ ఉన్నాడు, వెళ్ళి అడుగు బాబూ, నేను మర్చిపోయినవి కూడా చెప్తాడు" అన్నారు. వెళ్ళాను. క్లచ్ ఎప్పుడు మార్చాడో, ఏ వైపు డోరుకి లప్పం పెట్టారో, అన్నీ చెప్పాడు. తుప్పు మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు, నాకూ అడగాలని తట్టలేదు. ఆ ఇల్లు బీచ్ రోడ్డుకి రెండు వీధుల ఇవతల. నాలుగేళ్ళు ఆ కారు ఉప్పుగాలికి ఎదురుగా వీధిలోనే నిలబడింది.

2018 వానాకాలంలో అనకాపల్లి వెళ్తుంటే అగనంపూడి దాటాక టైరు పంక్చరైంది. డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీ బయటికి లాగాను. దాని కింద రేకు ఎర్రగా, పొరలు పొరలుగా, వేయించిన అప్పడంలా ఉబ్బి ఉంది. ఊరికే వేలితో నొక్కి చూశాను. వేలు లోపలికి దిగిపోయింది. తీసి చూస్తే కంతలోంచి కింద రోడ్డు కనిపిస్తోంది.

మర్నాడు మేస్త్రీ బండిని పైకెత్తి, స్క్రూడ్రైవరుతో ఒక్కోచోట గుచ్చుతూ చూపించాడు. సైలెన్సర్ పైపు అతుకుల దగ్గర, వెనక చక్రాలకి వెళ్ళే బ్రేక్ పైపు మీద, డోర్ల అడుగున నీళ్ళు బయటికి పోవాల్సిన కంతల దగ్గర, అంతా ఎరుపే. "అందరూ పైన మెరుపు చూసి కొంటారండి. ఈ ఊళ్ళో బండిని కింద పడుకుని చూడాల" అన్నాడు. కొనేముందు చెప్పొచ్చు కదయ్యా అంటే నవ్వాడు. డిక్కీ కింద రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేసి, మొత్తం అండర్‌బాడీ కోటింగ్ కొట్టడానికి 14 వేలు తీసుకున్నాడు.

తుప్పు సంగతి పక్కన పెడితే ఆ కారు బంగారం. నాలుగున్నరేళ్ళలో 62 వేల కిలోమీటర్లు తిప్పాను. లీటరుకి 19 తగ్గలేదు. అరకు ఘాట్ ఎన్నిసార్లు ఎక్కిందో లెక్కలేదు. సైలెన్సర్ రెండుసార్లు మార్చాను, అదీ ఉప్పు పుణ్యమే. ఇంజిన్ జోలికి ఎవరూ వెళ్ళలేదు. పేరు మార్పు రెండు వారాల్లో అయిపోయింది. మధ్యలో ఫారం 30 (పేరు మార్పు దరఖాస్తు) మీద సంతకం సరిపోలలేదన్నారు. ఆ సాయంత్రమే లెక్చరర్ గారి ఇంటికి వెళ్ళి ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకొచ్చాను. అప్పుడది పెద్ద విషయంగా అనిపించలేదు. దాని విలువ రెండో కారు కొన్నాక తెలిసింది.

2020 చివర్లో దాన్ని 2 లక్షల 10 వేలకి అమ్మేశాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, కాస్త పెద్ద కారు కావాలి. నేననుకున్న 2014 మోడల్ డీజిల్ సెడాన్ ఇక్కడి కన్సల్టెన్సీల్లో (పాత కార్లు అమ్మిపెట్టే షాపుల్లో) 5 లక్షల 10 వేలకి తక్కువ లేదు. గురుగ్రామ్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది ఫోన్ చేసి, "బావా, అదే కారు ఇక్కడ 3 లక్షల 60 వేలు" అన్నాడు. అంత తేడా ఎందుకంటే, ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో ఆ మాటే ఖాయం చేసింది. అప్పట్లో పదేళ్ళ గడువు దగ్గర పడుతుంటే అక్కడ డీజిల్ బండి ధర జారిపోయేది. అదే బండి ఇక్కడికొస్తే దానికి పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ ఉన్నట్టే. లక్షన్నర లాభం కళ్ళముందు కనబడుతుంటే ఎవరు ఊరుకుంటారు!

2021 ఫిబ్రవరిలో నేనూ, మా తమ్ముడూ విమానంలో వెళ్ళి, కారు తీసుకుని రోడ్డు మీద వచ్చాం. రాయ్‌పూర్, జగదల్‌పూర్, సాలూరు మీదుగా మూడు రోజులు, 1,800 కిలోమీటర్లకి అటూ ఇటూగా. ఆ ప్రయాణం మాత్రం జన్మలో మర్చిపోను. ఇక లెక్క చూడండి. టికెట్లు, అక్కడ ఉండటం కలిపి 16 వేలు. దారిలో డీజిల్, టోల్, లాడ్జీలు 18 వేలు. ఢిల్లీలో ఎన్‌వోసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఆఫీసు ఇచ్చే కాగితం) తెప్పిస్తానన్న బ్రోకరుకి 8 వేలు. ఇక్కడ లైఫ్ ట్యాక్స్, అంటే బండికి ఒకేసారి కట్టే రోడ్డు పన్ను, 80 వేలు, ఫీజులూ ఏజెంటూ 6 వేలు. మొత్తం 1 లక్ష 28 వేలు. లక్షన్నర లాభంలో మిగిలింది 22 వేలు. ఇంటికొచ్చాక నాలుగు టైర్లు వేయిస్తే అదీ పోయింది.

చాలామంది తప్పు చేసేది ఆ లైఫ్ ట్యాక్స్ దగ్గరే. పన్ను మనం కొన్న ధర మీద వేస్తారనుకుంటారు. కాదు, బండి కొత్తప్పటి ధర మీద వేస్తారు. బండి వయసును బట్టి శాతం తగ్గుతుంది, ధర తగ్గదు. అక్కడి యజమాని కట్టిన పన్నులో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చంటారు గానీ, బండి అమ్మేసినవాడు మన కోసం అక్కడ ఆఫీసు చుట్టూ తిరుగుతాడా?

డబ్బు లెక్క కంటే ఎన్‌వోసీ ఎక్కువ ఏడిపించింది. నా బుద్ధితక్కువ పని ఏమిటంటే, "కారు తీసుకెళ్ళండి సార్, ఎన్‌వోసీ ఇరవై రోజుల్లో కొరియర్ చేస్తాను" అని బ్రోకరు అంటే నమ్మి మొత్తం డబ్బు ఇచ్చేశాను. కారు మీద ఎప్పుడో లోను ఉండేది. బ్యాంకు బాకీ తీరిందని ఉత్తరం ఇచ్చింది, ఆర్‌సీలో మాత్రం ఫైనాన్స్ పేరు అలాగే ఉంది. అది తీసేయాలంటే ఫారం 35 మీద పాత యజమాని సంతకం పెట్టాలి. ఆయన అప్పటికి పుణె వెళ్ళిపోయారు. దానికి తోడు కెమెరాకి చిక్కిన స్పీడు చలాన్లు మూడు బాకీ ఉన్నాయి, అవి తీరితే గానీ ఎన్‌వోసీ కదలదు. అవి నేనే కట్టాను. ఇరవై రోజులు అయిదు నెలలైంది. బ్రోకరు మొదట్లో ఫోనెత్తి హిందీలో ఒట్లు వేసేవాడు, తర్వాత ఎత్తడం మానేశాడు. చివరికి మా బావమరిది సెలవు పెట్టి తిరిగితే పని అయింది. ఆ అయిదు నెలలూ ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర పోలీసు చెయ్యెత్తితే చాలు, మా ఆవిడ డ్యాష్‌బోర్డు తెరిచి కాగితాలు తీసి పట్టుకునేది. వేరే రాష్ట్రం నంబరుతో పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంటే కొత్త నంబరు తీసుకోవాలన్నది చట్టంలోనే ఉంది. ఆ గడువు మించిపోతుందేమోనని నా టెన్షన్ నాది.

ఎన్‌వోసీ వచ్చాక ఇక్కడ పని త్వరగానే అయింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి ముందు చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాం. అంకెలు ఒక్కొక్కటిగా తేలి, ఆర్‌సీలోవాటితో సరిపోయాక ఊపిరి తీసుకున్నాను.

అంతా అయిపోయిందనుకున్న రోజుల్లో సర్వీసుకి ఇచ్చాను. కౌంటరులో అమ్మాయి చాసిస్ నంబరు కొట్టి, కాసేపు చూసి, ఏమీ మాట్లాడకుండా మానిటర్ నా వైపు తిప్పింది. 2019 నవంబరులో ఢిల్లీలో చేసిన సర్వీసు, మీటరు 81 వేల చిల్లర. నేను కొన్నప్పుడు మీటరులో ఉన్నది 54 వేలు. "చాలామందికి ఇలాగే అవుతుంది సార్" అని ఓదార్చింది. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంది, స్టీరింగ్ మీద గీతలు పోయి ఉన్నాయి. అవన్నీ కొన్నరోజే నా కంటపడ్డాయి. లక్షన్నర లాభం కూడా అదే రోజు కంటపడింది మరి. ఇప్పుడు ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే: బయానా ఇవ్వకముందే చాసిస్ నంబరు తీసుకుని ఏదైనా ఆథరైజ్డ్ సర్వీసు సెంటర్లో పాత చరిత్ర అడగండి. దేశంలో ఎక్కడ సర్వీసు చేయించినా చాలా కంపెనీలకి ఒకే కంప్యూటరు రికార్డు.

న్యాయంగా చెప్పాలంటే ఆ కారు బాడీకి వంక పెట్టలేం. బంపర్లకి నాలుగు వైపులా గీతలున్నాయి, సస్పెన్షన్ బుష్‌లు ఎండకి ఎండి పగిలాయి. కింద రేకు మాత్రం షోరూము నుంచి దిగినట్టుంది. మేస్త్రీ లిఫ్టు కింద టార్చి పట్టుకుని నిలబడి, "ఇలాటి బండి చూసి ఎన్నాళ్ళైందో" అన్నాడు. 2025 చివరికి నేను తిప్పింది 58 వేల కిలోమీటర్లు. ఒకసారి టర్బో పైపు, ఒకసారి ఏసీ కండెన్సర్ మార్చాను, అంతకు మించి ఖర్చు లేదు.

మళ్ళీ కొనాల్సొస్తే లోకల్ బండే కొంటాను, అదీ సముద్రానికి దూరంగా పెందుర్తి, గోపాలపట్నం వైపు తిరిగినది. తుప్పు టార్చికి దొరుకుతుంది, పైకెత్తితే పది నిమిషాల్లో తేలిపోతుంది. కాగితాల జబ్బు ఏ టార్చికీ దొరకదు. బండిని నడిపినవాడి గుమ్మం దాకా వెళ్ళగలిగితే మిగతావన్నీ సర్దుకుంటాయి.

అయితే లోకల్ అన్న మాటే ఈ మధ్య జారుడుగా తయారైంది. పాత రోజుల్లో 31 నుంచి 34 దాకా విశాఖ, 35 విజయనగరం, 16 కృష్ణా అని నంబరు ప్లేటే చెప్పేది. 2019లో జిల్లాల నంబర్లు పోయి రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో బోలెడు కార్లు మునిగాయి. కొన్ని నెలల తర్వాత మా తోడల్లుడు ఇక్కడ ఒక కన్సల్టెన్సీలో ఏపీ 39 కారు చూసి మనసు పారేసుకున్నాడు. తెల్ల పెయింటు తళతళలాడుతోంది, లోపల సెంటు వాసన. ఆ సెంటు వాసనే నాకు నచ్చలేదు. డ్రైవరు సీటు బెల్టు మామూలుగా లాగితే శుభ్రంగా ఉంది. ఆగిపోయేదాకా, చివరంటా లాగాను. ఆఖరి జానెడు బెల్టు మీద అడ్డంగా ఎండిన బురద చార. సీటు పట్టాలు చేత్తో తడిమితే గరుకుగా తుప్పు రాలింది. ఆర్‌సీ అడిగి చూస్తే యజమాని అడ్రసు విజయవాడ. కన్సల్టెన్సీ అబ్బాయి, "వాన నీళ్ళేనండి, కొంచెం" అన్నాడు. ఏపీ 39 ప్లేటు చూసి విశాఖ బండే అనుకోకండి, ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ ఎక్కడ జరిగిందో చదవండి.

మన ఊరికి ప్రత్యేకమైన మూడో రకం కూడా ఉంది: నేవీ వాళ్ళ బండ్లు. తూర్పు నౌకాదళం ఇక్కడే కాబట్టి కొచ్చి నంబరు, ముంబయి నంబరు కార్లు కాలనీల్లో కనబడుతూనే ఉంటాయి. బదిలీ అయితే వాళ్ళు ఇక్కడే అమ్మేస్తారు. యజమాని ఎదురుగా ఉంటాడు, సర్వీసు పుస్తకం నిండా ముద్రలుంటాయి. ఎన్‌వోసీ మాత్రం కొచ్చి నుంచో ముంబయి నుంచో రావాలి. ఆయన బదిలీ అయ్యే లోపే సంతకాలన్నీ అయిపోవాలి, ఎన్‌వోసీ చేతికొచ్చేదాకా కొంత డబ్బు మన దగ్గర ఆపుకోవాలి. కానీ జాగ్రత్త, కన్సల్టెన్సీలో నిలబెట్టిన ప్రతి రెండో కారూ ‘నేవీ ఆఫీసర్ గారిదే సార్, ఆదివారం తప్ప తీసేవారు కాదు’. అంతమంది ఆఫీసర్లు మన ఊళ్ళో ఉంటే డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర నిలబడటానికి చోటుండదు.

నా ఢిల్లీ కారు ఇంకా నడుస్తోంది. అగనంపూడి అనుభవం తర్వాత ఒక అలవాటైంది, వానాకాలం ముందు స్టెప్నీ తీసి కింద చూడటం. నాలుగేళ్ళు ఏమీ లేదు. మొన్న జూన్‌లో చూస్తే ఒక మూల రూపాయి బిళ్ళంత ఎర్ర మచ్చ. ఫోటో తీసి మేస్త్రీకి పంపాను. సాయంత్రానికి జవాబు పెట్టాడు: "ఇంక మనూరి బండైపోనాదండి."