బాల్ జాయింట్ ప్రెస్ కిట్ చవగ్గా వస్తోందని ఆర్డర్ పెట్టే ముందు... జాగ్రత్త!

కారు ముందు చక్రం పక్కలకు తిరిగేలా, పైకీ కిందికీ ఆడేలా పట్టి ఉంచే గుండ్రటి కీలే బాల్ జాయింట్. దాన్ని ఇంట్లోనే మార్చుకుందామని వెతికేవాళ్లకు ముందుగా కనబడేది ప్లాస్టిక్ పెట్టెలో వచ్చే సీ ప్రెస్ (C ఆకారపు నొక్కుడు పనిముట్టు) కిట్. ఒక ఫ్రేమ్, లావుపాటి స్క్రూ, రకరకాల సైజుల్లో కప్పులు. చూడ్డానికి నిండుగా ఉంటుంది. నాసిరకం కిట్ అయితే మాత్రం పని మధ్యలో చేతులెత్తేస్తుంది. కారు స్టాండ్ల మీద ఉండి, చక్రం ఊడదీసి, జాయింట్ సగం బయటికొచ్చి ఇరుక్కున్నప్పుడు అది విరిగితే కారును కదిపే దారి కూడా ఉండదు.

అసలు ఆ కిట్ మీ కారుకు అవసరమా? ముందు కింద దూరి చూడండి. జాయింట్ లోయర్ ఆర్మ్‌కు (చక్రాన్ని కారు అడుగు భాగానికి కలిపే ఇనుప చేయి) రెండు మూడు బోల్టులతోనో రివెట్లతోనో బిగించి ఉంటే ప్రెస్‌తో పనే లేదు. రివెట్ల తలలు గ్రైండర్‌తో కోసి, పంచ్‌తో దిగ్గొడితే సరిపోతుంది. జాయింట్ ఆర్మ్‌లో కలిసిపోయి ఉంటే ఆర్మ్ మొత్తం మార్చాలి. ఆర్మ్‌లోని గుండ్రటి రంధ్రంలోకి బిగుతుగా నొక్కి పెట్టిన రకానికే ప్రెస్ కావాలి. ఇది చూసుకోకుండా కొన్న కిట్ పెట్టెలోనే ఉండిపోతుంది.

ఇక కిట్ దగ్గర మోసపోయేది మూడు చోట్ల.

మొదటిది ఫ్రేమ్. మెత్తని లోహంతో పోతపోసిన ఫ్రేమ్ బలం పడగానే నోరు తెరుస్తుంది. స్క్రూ వంకరగా ఒరుగుతుంది, దాంతో కప్పు కూడా ఒక పక్కకు జరుగుతుంది. జాయింట్ ఏటవాలుగా దిగుతూ ఆర్మ్ రంధ్రాన్ని గీరేస్తుంది. ఆ రంధ్రం ఒకసారి వదులైందంటే కొత్త జాయింట్ నిలవదు, ఆర్మ్ కూడా పోయినట్టే. ప్రకటనలో ‘ఫోర్జ్‌డ్’ (పోతపోయకుండా లోహాన్ని కాల్చి దెబ్బకొట్టి చేసినది) అని రాసినంత మాత్రాన నమ్మకండి. ఫ్రేమ్ అంచు వెంట ఉండే అతుకు గీత చూడండి. పోతపోసినదానికి సాధారణంగా అది సన్నగా దారంలా ఉంటుంది, ఫోర్జింగ్‌కు వెడల్పుగా పట్టీలా ఉంటుంది. వాడేటప్పుడు మధ్యమధ్యలో ఆపి, వంపు లోపలి మూలను గుడ్డతో తుడిచి చూడండి. వెంట్రుకంత పగులు కనబడినా స్క్రూ వదులు చేసి పక్కన పెట్టేయాలి. అది మెల్లగా విరగదు, ఒక్కసారిగా ఎగిరిపడుతుంది. అందుకే రక్షణ కళ్లద్దాలు లేకుండా ఈ పనికి కూర్చోవద్దు.

రెండోది స్క్రూ. దాని మీద ఉండే జిడ్డు చూసి గ్రీజు పెట్టే పంపారని అనుకుంటారు. సాధారణంగా అది తుప్పు పట్టకుండా రాసిన నూనె మాత్రమే. అలాగే బిగిస్తే మరలు ఒకదాన్నొకటి కొరుక్కుని మెరిసే రజను రాలుతుంది, తర్వాత స్క్రూ ముందుకూ వెనక్కూ కదలదు. మరలకూ, స్క్రూ మొనకూ మాలిబ్డినమ్ కలిసిన గ్రీజు దట్టంగా పట్టించి, ప్రతి జాయింట్‌కూ ముందు మళ్లీ రాయాలి. చవక కిట్‌కు ఇంపాక్ట్ గన్ పెట్టడం మరీ ప్రమాదం. పొడుగు హ్యాండిల్‌తో చేత్తోనే తిప్పండి.

మూడోది కప్పులు. ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టుకుని సంతోషపడితే లాభం లేదు, మీకు కావలసినది ఉందా అన్నదే ముఖ్యం. వెర్నియర్‌తో జాయింట్ బాడీ వ్యాసం, అంచు వ్యాసం, మొత్తం ఎత్తు కొలిచి విక్రేత ఇచ్చిన సైజులతో పోల్చండి. జాయింట్‌ను అందుకునే కప్పు లోపలి వ్యాసం, దానిలోకి దిగే భాగం కంటే 2-3 మి.మీ. ఎక్కువుండాలి. కప్పు ఎత్తు చాలకపోతే జాయింట్ రంధ్రం దాటకముందే దాని అడుగుకు తగిలి ఆగుతుంది. అప్పుడు తుప్పు వల్ల రావడం లేదనుకుని ఇంకా బిగిస్తారు. ఫ్రేములు విరగడానికి ఇదొక పెద్ద కారణం. జాయింట్ జారకుండా పట్టి ఉంచే రింగు, అంటే సర్క్లిప్, తీయడం మర్చిపోయినా ఇదే జరుగుతుంది.

ప్రెస్ పెట్టే ముందు జాయింట్ కడ్డీని (స్టడ్), చక్రాన్ని మోసే లోహపు భాగం (నకిల్) నుంచి విడదీయాలి. దానికి వాడే ఫోర్క్ గురించి కూడా ఒక మాట. స్టడ్‌కూ నకిల్‌కూ మధ్య దూర్చి కొట్టే ఈ రెండు పళ్ల పనిముట్టు జాయింట్ మీది రబ్బర్ బూట్‌ను (తొడుగును) చింపేస్తుంది. జాయింట్ పారేసేదైతే ఫరవాలేదు. డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే ఇరుసు) కోసమో మరో పనికోసమో విడదీస్తుంటే మాత్రం మంచి జాయింట్‌ను చేజేతులా పాడు చేసుకున్నట్టే. దవడల రకం సెపరేటర్ ఒకటి కొనుక్కోవడం మేలు.

స్టడ్‌ను విడదీయడానికి పెద్దగా ఖర్చు లేని పద్ధతి సుత్తితోనే ఉంది. నట్ ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ తీసి, నట్ వదులు చేసి, చివరి కొన్ని మరల మీద అలాగే ఉంచండి. ఆర్మ్‌ను పొడుగాటి కడ్డీతో కిందికి లాగి పట్టి, నకిల్‌లో స్టడ్ దూరి ఉండే కన్ను పక్కన కిలో, కిలోన్నర సుత్తితో గట్టిగా కొట్టాలి. ఎదురుగా ఇంకో సుత్తి ఆన్చి ఉంచితే దెబ్బ వృథా కాదు. కన్ను క్షణకాలం నలిగి టేపర్ (స్టడ్ మీద క్రమంగా సన్నబడే భాగం) ‘టక్’మని వదులుతుంది. స్టడ్ కొస మీద కొడితే మాత్రం మరలు చితికి నట్ రాదు. నకిల్ అల్యూమినియంది అయితే సుత్తి జోలికి వెళ్లకండి. చీలిక ఉన్న నకిల్‌ను అడ్డంగా బోల్ట్‌తో నొక్కి స్టడ్‌ను పట్టి ఉంచే పించ్ బోల్ట్ రకానికి టేపర్ ఉండదు. బోల్ట్ పూర్తిగా లాగేస్తేనే స్టడ్ గాడి వదులుతుంది. తుప్పుంటే ముందురోజు రాత్రే నూనె పట్టించి, చీలికలో ఉలిని తేలిగ్గా ఆడించండి, ఎక్కువ తెరిస్తే నకిల్ పగులుతుంది.

ప్రాణాల మీదికి తెచ్చేది స్ప్రింగ్. మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో (షాక్ అబ్సార్బర్, స్ప్రింగ్ కలిసి ఒకే స్తంభంగా ఉండే రకంలో) అది స్ట్రట్‌లోనే బందీగా ఉంటుంది. కానీ కాయిల్ స్ప్రింగ్ ఆర్మ్ మీదే కూర్చుని ఉన్నా, మెలితిరిగి స్ప్రింగ్‌లా పనిచేసే టార్షన్ బార్ ఉన్నా, ఆర్మ్ కింద జాకీ ఆన్చకుండా నట్ పూర్తిగా తీయకూడదు. కారు బరువు మాత్రం ఎప్పుడూ స్టాండ్ల మీదే ఉండాలి.

కొత్త జాయింట్ నొక్కేటప్పుడు బలం చుట్టూ ఉన్న గట్టి అంచు మీదే పడాలి. మధ్యలో ఉండే రేకు మూత మీద నొక్కితే అది లోపలికి పోయి జాయింట్ మొదటిరోజే చెడుతుంది. టేపర్ శుభ్రంగా, పొడిగా ఉండాలి, గ్రీజు పూయొద్దు. పిన్ కోసం గాట్లు ఉండే కాజిల్ నట్‌ను మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు బిగించాక పిన్ రంధ్రం కుదరకపోతే కాస్త ముందుకే తిప్పాలి, వెనక్కి వదలకూడదు. పిన్ కొత్తదే వేయండి.

కిట్ ఇప్పటికే వచ్చేసుంటే రిటర్న్ గడువు లోపల స్క్రూను వేళ్లతో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేసినా, ఊగినా తిప్పి పంపేయండి. జీవితంలో ఒకటి రెండు సార్లు పడే పనికైతే, ఆర్మ్ విప్పుకెళ్లి హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న వర్క్‌షాపులో నొక్కించుకోవడం కిట్ కొనడం కంటే తేలిక.