‘మా పాప దీంట్లోనే పెరిగింది అక్కా’ అంటూ పాత ట్రెయిలర్ అంటగడతాడు, జాగ్రత్త

మ్యూనిక్‌లో చంటిపిల్లలున్న తెలుగువాళ్ళకి ఈ పోస్టు. సైకిల్ వెనక తగిలించే పిల్లల ట్రెయిలర్లు సెకండ్ హ్యాండ్‌లో అమ్మే మనవాడు ఒకడున్నాడు. పేరు రాయను. ‘సింగిల్ ఓనర్, నాన్ స్మోకింగ్ హోమ్’ అని యాడ్ పెడతాడు, ఫొటో ఎప్పుడూ కుడివైపు నుంచే తీస్తాడు. తెలిసినవాళ్ళకి ఈపాటికే అర్థమై ఉంటుంది. ఇప్పటికే అతని దగ్గర కొన్నవాళ్ళుంటే మిగతాది తర్వాత చదవండి, ముందు కెల్లర్‌లోకి (కింద సామాన్ల గదిలోకి) వెళ్ళి ట్రెయిలర్‌ని సైకిల్‌కి కలిపే కడ్డీ మీద నల్లటేపు ఉందేమో చూసి రండి.

సంగతి క్లుప్తంగా చెప్తాను. నా మెటర్నిటీ లీవ్ అయిపోతోంది, మావాడికి కీటాలో (ఇక్కడి పిల్లల డేకేర్) సీటొచ్చింది, బస్సూ ట్రామూ మారి వెళ్ళేకంటే సైకిలే నయం అనుకున్నాం. ఇక సైకిల్‌కి బిగించే పిల్లల సీటా ట్రెయిలరా అని ఇంట్లో పెద్ద పంచాయితీ. నేను వెనక సీటు అన్నాను. పిల్లాడు వీపు వెనకే ఉంటాడు, మాట్లాడుకుంటూ వెళ్ళొచ్చు, సందుల్లో పడుతుంది, కొత్తదే నూట యాభై యూరోల్లో వస్తుంది. మా ఆయన ట్రెయిలర్ అన్నాడు. సైకిల్ పక్కకి పడినా కప్లింగ్ (ట్రెయిలర్ కడ్డీ సైకిల్‌కి తగులుకునే కీలు) తిరుగుతుంది కాబట్టి ట్రెయిలర్ నిలబడే ఉంటుంది, వాన తగలదు, చలికాలంలో దుప్పటి కప్పి కూర్చోబెట్టొచ్చు, వాడు నిద్రపోతే తల వేలాడదు. ఇవన్నీ నిజమే. సీటుకి ఉన్న అసలు ప్రమాదం సైకిల్ కదులుతున్నప్పటికంటే ఆగినప్పుడు. పిల్లాడిని కూర్చోబెట్టి, ఒంటికాలి స్టాండ్ వేసి, హెల్మెట్ తేవడానికి పక్కకి తిరిగితే చాలు, బండి పిల్లాడితో సహా ఒరిగిపోతుంది. పైగా వెనక సీట్లు తొమ్మిది కిలోల నుంచి ఇరవై రెండు కిలోల వరకు పిల్లలకని తయారుచేస్తారు. మావాడు అప్పటికి తొమ్మిదికి అటూ ఇటూ ఊగుతున్నాడు. కాబట్టి ట్రెయిలర్ గెలిచింది. కొత్తది మంచిదైతే వెయ్యి యూరోల దాకా పోతుంది. అక్కడ ప్రవేశించాడు మన మహానుభావుడు.

ఎంత మర్యాదో చెప్పలేను. ఫోన్ ఎత్తగానే ‘ఎక్కడ అక్కా మనది? గుంటూరా? మాది తెనాలి అక్కా!’ సీటు కూడా ఆలోచిస్తున్నాం అన్నానో లేదో, ‘సీటంటే పిల్లాడిని రిస్క్‌లో పెట్టడమే అక్కా, నేనైతే ఎప్పటికీ కొనను. మా పాప ఈ ట్రెయిలర్‌లోనే పెరిగింది. యాక్సిడెంట్ లేదు, ఏం లేదు.’ ధర మూడు వందల యాభై. డబ్బు యాప్‌లో పంపేటప్పుడు ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ ఆప్షన్‌లో పంపమన్నాడు. అలా పంపితే కొన్నవాళ్ళకి రక్షణ ఉండదట కదా అని మా ఆయన నసిగితే, నవ్వి, ‘మనమంతా ఫ్యామిలీయే కదా బావగారూ’ అన్నాడు. పంపాం. జర్మన్ వాళ్ళ దగ్గర కొనేటప్పుడు ప్రతి స్క్రూ గురించి అడుగుతాం. మనవాడి దగ్గరికి వచ్చేసరికి టీ తాగి, వాళ్ళ ఊరి కబుర్లు విని, బండి ఎత్తుకొచ్చేశాం.

కడ్డీ మీద టేపేంటని అడగలేదా అంటారేమో. అడిగాను. ‘గీతలు పడకుండా వేశానక్కా, బండిని అంత జాగ్రత్తగా చూసుకున్నా’ అన్నాడు.

మా ఆయన పాత సైకిల్‌కి కప్లింగ్ సరిపోయింది. ఇజార్ నది ఒడ్డున పిల్లాడిని వేసుకుని హాయిగా తిరిగాడు. ఎడమవైపుకి కాస్త లాగుతోంది అనేవాడు, టైర్లో గాలి తక్కువేమో అనుకున్నాం. నా సైకిల్‌కి వెనక చక్రం త్రూ యాక్సిల్, అంటే చక్రం మధ్యలోంచి దూర్చి బిగించే ఇరుసు. దానికి వేరే అడాప్టర్ కావాలి, మామూలు కప్లింగ్ ఎక్కదు. ‘ఏ సైకిల్‌కైనా పడుతుంది’ అని అతను చెప్పిన మాట అక్కడే తేలిపోయింది. సరే అని బండితో సహా మా వీధి చివర రిపేర్ షాపుకి తీసుకెళ్ళాను.

ఆ షాపులో పెద్దాయన అడాప్టర్ సంగతి తర్వాత చూద్దామని ముందు కడ్డీని గుడ్డతో తుడిచాడు. బొటనవేలితో పొడుగునా రాసుకుంటూ వచ్చి టేపు దగ్గర ఆగాడు. ఇదెందుకు అన్నాడు. గీతలు పడకుండా అని చెప్పాను, చిలకలాగా. ఆయన ఏం మాట్లాడకుండా బ్లేడు తీసి టేపు కోశాడు. కింద నల్ల పెయింటు, దాని కింద ఎత్తుపల్లాలుగా వెల్డింగ్, ఆ వెల్డింగ్ అంచునే సన్నటి పగులు. కడ్డీ చుట్టూ సగానికి పైగా పోయింది. రెండు చేతులతో పట్టుకుని కాస్త వంచి చూపించాడు. పగులు తెరుచుకుంది, వదిలేస్తే మూసుకుంది. మళ్ళీ వంచాడు, మళ్ళీ తెరుచుకుంది. ఇందులో పిల్లాడిని కూర్చోబెట్టారా అని అడిగాడు. నాకు జర్మన్ సరిగ్గా రాదు కానీ ఆ ప్రశ్న మాత్రం బాగా అర్థమైంది. మావాడు నా చంకలో ఉన్నాడు, ఆ కడ్డీని పట్టుకోవాలని చెయ్యి చాస్తున్నాడు.

అల్యూమినియం కడ్డీని వెల్డ్ చేస్తే ఆ వేడికి పక్కనున్న లోహం మెత్తబడుతుందట. విరిగితే కడ్డీ మార్చాలే గానీ అతికించకూడదు అన్నాడు. ఇది ఎక్కడో గట్టిగా గుద్దుకున్న బండి అని కూడా తేల్చేశాడు, యాక్సిల్ గొట్టం ఒకవైపు వంగి ఉంది. ఎడమకి లాగింది అందుకే. సేఫ్టీ స్ట్రాప్ (కడ్డీని సైకిల్‌కి అదనంగా కట్టే పట్టీ) ఉంటుంది కదా అని ఎవరైనా అడుగుతారని ముందే చెప్తున్నా. ఆ స్ట్రాప్ కప్లింగ్ ఊడితే కాపాడుతుంది. కడ్డీయే మధ్యలో విరిగితే స్ట్రాప్, ముందు ముక్క సైకిల్‌తో వెళ్ళిపోతాయి. పిల్లాడున్న డబ్బా రోడ్డు మీద ఉండిపోతుంది. మా కీటా దారిలో ట్రామ్ పట్టాలున్నాయి. ఇంకేం రాయను.

ఇప్పుడు అసలు కథ. షాపు బయట నిలబడే ఫోన్ చేశాను. చేతులు వణుకుతున్నాయి. పగులు ఫొటోలు పంపాను, చూశాడు, రెండు నీలం టిక్కులు పడ్డాయి. అప్పుడు ఎత్తాడు.

‘చెప్పండి మేడమ్.’

టేపు కింద వెల్డింగ్ ఉంది, పగిలింది, తెలిసే అమ్మావా అని అడిగాను.

‘ప్రైవేట్ సేల్ మేడమ్. యాడ్‌లో రాశాను కదా, నో గ్యారంటీ, నో రిటర్న్. చూసుకునే తీసుకెళ్ళారు.’

టేపు వేసి దాచావు కదయ్యా, మేం ఎలా చూస్తాం అన్నాను. మా పిల్లాడిని అందులో కూర్చోబెట్టి ఊరంతా తిప్పాం, ఆ కడ్డీ విరిగుంటే ఏమయ్యేది అన్నాను.

అప్పుడన్నాడు, ఎంత తాపీగా అన్నాడో: ‘పిల్లాడికి ఏం కాలేదు కదా? మరెందుకు ఇంత గోల?’

ఏం కాలేదు కదా! రాత్రి నుంచి ఆ మాటే చెవిలో మోగుతోంది. ఏదైనా అయితేనే గోల చెయ్యాలన్నమాట, అప్పటిదాకా నోరు మూసుకుని వాడాలి. ఆ మాట అన్నవాడు ఒక పాపకి తండ్రి. తండ్రేనా అని ఇప్పుడు అనుమానం వస్తోంది. ఎందుకంటే నా స్నేహితురాలికి తెలిసిన ఇంకో కుటుంబం కూడా ఇతని దగ్గరే వేరే కంపెనీ ట్రెయిలర్ కొన్నారు. వాళ్ళకి ‘మా బాబు దీంట్లోనే పెరిగాడు’ అని చెప్పాడట. ఎంతమంది పిల్లలో, ఎన్ని ట్రెయిలర్లలో పెరిగారో!

ఇంకేదో అనబోతే పెట్టేశాడు. మళ్ళీ చేస్తే బ్లాక్. మా ఆయన నంబర్ నుంచి చేస్తే ‘బావగారూ, మీరైనా అక్కకి అర్థమయ్యేలా చెప్పండి, యాభై యూరోలు తిరిగిస్తా, రివ్యూ పెట్టొద్దనండి’ అన్నాడు. పిల్లాడి ప్రాణానికి డిస్కౌంట్ ధర యాభై యూరోలు. దయామయుడు.

నో గ్యారంటీ అని రాస్తే అయిపోయింది అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. జర్మన్ చట్టం ప్రకారం లోపం తెలిసీ కావాలని దాచిపెట్టి అమ్మితే ఆ ఒక్క వాక్యం అమ్మినవాడిని కాపాడదు. సివిల్ కోడ్‌లో 444వ సెక్షన్, చదువుకోండి. పైగా లాభం కోసం వరసగా కొని అమ్ముతుంటే అది ప్రైవేట్ సేల్ అనిపించుకోదు, వ్యాపారం అవుతుంది. షాపు పెద్దాయన ఏం చూశాడో కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. కోసిన టేపు కూడా కవర్లో దాచాను.

కొనేవాళ్ళకి నాకు తోచింది ఇంతే. సెకండ్ హ్యాండ్ అయితే కడ్డీ మీద, కప్లింగ్ మీద ఏ టేపూ కవరూ ఉండకూడదు, ఉంటే మీ ముందే విప్పమనండి, విప్పనంటే టీ కూడా తాగకుండా వచ్చేయండి. ఖాళీ ట్రెయిలర్‌ని చదునైన చోట చేత్తో తోసి చూడండి, పక్కకి పోతే వద్దు. అయిదు పాయింట్ల బెల్టు బకిల్ గట్టిగా లాగండి. మొదట కొన్న రసీదు అడగండి. మీ సైకిల్ వెనక యాక్సిల్ ఏ రకమో ఇంటి దగ్గరే చూసుకుని వెళ్ళండి. సీటు అయినా సరే, ఎవరో వాడి పడేసింది కంటే కొత్తది మామూలు రకమే మేలు. కార్బన్ ఫ్రేమ్ సైకిల్ ఉన్నవాళ్ళు సీటు బిగించే ముందు కంపెనీ ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి. మీరు కూర్చునే సైకిల్ సీటు కింద స్ప్రింగులుంటే కవర్ వెయ్యండి, పిల్లల వేళ్ళు వాటిలోకే వెళ్తాయి.

ఇతని దగ్గర కొన్నవాళ్ళు, టేపు కింద ఇలాంటిదే కనిపించినవాళ్ళు నాకు ఫొటో పంపండి. సోమవారం వినియోగదారుల సలహా కేంద్రానికి వెళ్తున్నాను, అందరివీ కలిపి ఇస్తాను.