నాలుగున్నర వేలు పోసి సీటు రెండున్నర సెంటీమీటర్లు దించుకొచ్చా

నడుం నొప్పి అనగానే మన ఇళ్లలో మొదట వచ్చే మాట "ఆ సైకిల్ మానెయ్". నా మౌంటెన్ బైక్ మీద నంది హిల్స్ వెళ్లొచ్చి హాల్లో గచ్చు మీద వెల్లకిలా పడుకుంటే మా ఆవిడ నన్ను దాటుకుంటూ పోయి "యాభై ఐదు వేలు పెట్టి నొప్పి కొనుక్కున్నారు" అంది. కాదనడానికి నా దగ్గర మాట లేదు. ఎనిమిది నెలలుగా ఇదే వరస, పాతిక కిలోమీటర్లు దాటేసరికి బెల్టు పెట్టుకునే చోట అడ్డంగా పట్టేసేది, దిగాక నిటారుగా నిలబడాలంటే హ్యాండిల్ పట్టుకోవాల్సి వచ్చేది. బామ్ రాశా, బెల్టు కట్టా, చివరికి మెత్తగా ఉంటుందని సీటుకి జెల్ కవర్ కూడా తొడిగా.

ఆ తర్వాత వెళ్లిందే ఈ బైక్ ఫిట్టింగ్ చోటుకి, అంటే మన ఒంటి కొలతలకి తగ్గట్టు సైకిల్‌ని సర్దే చోటు. బెంగళూరులో జేపీ నగర్ వైపు, ఒక ఇంటి కింద షట్టర్ వేసిన చిన్న గది. పేరు రాయడం లేదు, ఇప్పటికే అపాయింట్‌మెంట్‌కి రెండు వారాలు పడుతోంది, ఇంకా పెంచడం నాకిష్టం లేదు. ఫీజు 4,500. విడిభాగాలకి వేరే.

ఫిట్ చేసే అబ్బాయిది చిక్కబళ్ళాపురం, తెలుగు మనకంటే బాగానే మాట్లాడతాడు. సైకిల్ ముట్టుకోకముందే అడిగాడు, "నొప్పి కాల్లోకి దిగుతుందా సార్? తిమ్మిరి ఉందా?" లేదన్నా. "ఉంటే డబ్బు వాపస్ ఇచ్చి డాక్టర్ దగ్గరికి పంపించేసేవాణ్ని, అది నా పని కాదు" అన్నాడు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

తర్వాత ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ని కదలకుండా నిలబెట్టి తొక్కించే స్టాండు మీద, పది నిమిషాలు తొక్కించి వెనక నుంచి వీడియో తీశాడు. అది చూపిస్తే నాకే నవ్వొచ్చింది, ప్రతి తొక్కుకీ నా పిర్రలు గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగుతున్నాయి. సీటు ఎత్తు ఎక్కువైతే పెడల్ కిందికి వెళ్లినప్పుడు కాలు అందదు, అందుకోవడానికి తుంటి పక్కకి వంగుతుంది, ఆ ఊగుడంతా ఆపాల్సింది నడుం కండరాలే. గంటకి నాలుగైదు వేల సార్లు. పైగా నేను తొడిగిన జెల్ కవర్ సీటుని ఇంకో సెంటీమీటరు పైకి లేపింది, మందనుకున్నది కాస్తా రోగాన్ని పెంచింది.

లెక్క ఇలా వేశాడు: కాళ్ల మధ్య నుంచి నేల దాకా నా కొలత 81 సెంటీమీటర్లు, దాన్ని 0.883తో గుణిస్తే 71.5, రెండు పెడల్ కాడలూ కలిసే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా సుమారు అంత ఉండాలి. నాది 74.5. "ఫార్ములా మొదలు పెట్టడానికే సార్, మిగతాది మీ మోకాలు చెప్తుంది" అని కోణం కొలుస్తూ 72 దగ్గర ఆపాడు. ఫీజు పెట్టడం ఇష్టం లేనివాళ్లు ఇంట్లోనే చూసుకోవచ్చు, గోడ పట్టుకుని కూర్చుని మడమ పెడల్ మీద ఆనిస్తే, పెడల్ అడుగుకి వెళ్లినప్పుడు కాలు నిటారుగా చాచుకోవాలి, పిర్ర మాత్రం పక్కకి జారకూడదు. ఈ ఒక్క పరీక్ష ఎనిమిది నెలల క్రితం తెలిసుంటే!

రెండో తప్పు నాది కాదు. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, మీడియం ఫ్రేమ్ సరిపోయేది, స్టాక్ లేదని సైకిల్ అమ్మిన షాపువాళ్లు లార్జ్ అంటగట్టారు, "అడ్జస్ట్ అయిపోద్ది సార్" అని. ఏమీ అవలేదు, హ్యాండిల్ అందుకోవడానికి నేనే విల్లులా వంగిపోయా. సీటు ముందుకి జరపొచ్చు కదా అన్నా. అలా చేస్తే మోకాలి స్థానం చెడుతుందని ఒప్పుకోలేదు, హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే 90 మిల్లీమీటర్ల స్టెమ్ తీసి 60ది వేశాడు, హ్యాండిల్ కాస్త లేవడానికి కింద స్పేసర్ అనే రింగు ఒకటి కలిపాడు. స్టెమ్ 1,800, ఇది మాత్రం కాస్త మండింది.

సీటు ముక్కు రెండు మూడు డిగ్రీలు కిందికి వంచాడు. ఇంటికొచ్చి వెతికితే 1999లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం దొరికింది, అందులో 10 నుంచి 15 డిగ్రీలు వంచితే ఎక్కువమందికి నడుం నొప్పి తగ్గిందట. ఆశకొద్దీ నేనూ వంచి చూశా, ముందుకి జారిపోయి బరువంతా అరచేతుల మీద పడి వేళ్లు మొద్దుబారాయి. మళ్లీ మూడుకే వచ్చా.

ఇక నచ్చనివి. పదింటికని చెప్పి నలభై నిమిషాలు కూర్చోబెట్టాడు. కొత్త సీటు ఒకటి అంటగట్టాలని రెండుసార్లు చూశాడు. అన్నిటికంటే పెద్ద లోటు, మౌంటెన్ బైక్ ఫిట్‌ని రోడ్ బైక్ ఫిట్ లాగే చేస్తాడు. ట్రైనర్ మీద అంతా సమతలమే కదా, తురహళ్ళి అడవి దారిలో రాళ్ల మీద కూర్చునే దిగితే ఏ ఫిట్టూ కాపాడదు, వెనక షాక్ అబ్జార్బర్ లేని సైకిల్ అయితే ప్రతి దెబ్బా నేరుగా వెన్నుకే. గతుకులు రాగానే సీటు మీంచి లేచి, మోకాళ్లు మోచేతులు వదులుగా వంచి, నడుం దగ్గర కాకుండా తుంటి దగ్గర వంగాలి. ఇది తోటి రైడర్ ఒకాయన నేర్పించాడు, ఉచితంగా. టైర్లలో గాలి 45 పీఎస్ఐ కొట్టుకుని తిరిగేవాణ్ని, ఆయన మాట విని 28కి దించా, తేడా మొదటి కిలోమీటర్లోనే తెలిసింది. వీపు మీద మోసే రెండు లీటర్ల నీళ్లంటే రెండు కిలోలు, అవి ఇప్పుడు ఫ్రేమ్ మీదున్నాయి. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు గేరు తొక్కే వీరత్వం కూడా మానేశా.

అయినా పూర్తిగా పోలేదు. డెబ్బై శాతం తగ్గిందనుకోండి. మిగతా ముప్పైకి కారణం బెళ్ళందూరు ఆఫీసులో రోజుకి తొమ్మిది గంటల కుర్చీ అని ఫిజియో తేల్చి వ్యాయామాలు ఇచ్చింది, ప్లాంక్, గ్లూట్ బ్రిడ్జ్, తొడ ముందు భాగం సాగదీయడం, రోజూ పన్నెండు నిమిషాలు. వారానికి నాలుగు రోజులు చేస్తున్నా, ఆరు అని ఫిజియోకి చెప్తున్నా.

ఐదుకి నాలుగు ఇస్తా. వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, రోజూ తొక్కే షూస్, షార్ట్స్ వేసుకునే వెళ్లండి, చెప్పులతో వెళ్తే కొలతలన్నీ తప్పుతాయి. సీటు గొట్టం మీద కొత్త ఎత్తు దగ్గర టేపు ముక్క అంటించుకోండి, మా అపార్ట్‌మెంట్ పిల్లలు సీటు ఎత్తుని ఇప్పటికి రెండుసార్లు మార్చేశారు.