వేళాంగణి వెళ్తే ముందు మాతా కొలను చూడండి

తమిళనాడు తీరంలోని మరియమాత పుణ్యక్షేత్రం వేళాంగణి వెళ్లే మనవాళ్లలో చాలామంది బస్సు దిగగానే తిన్నగా బసిలికాకి, అంటే అక్కడి పెద్ద చర్చికి, వెళ్తారు. మొక్కు తీర్చుకుని, సముద్రంలో మునిగి, సాయంత్రానికి తిరుగు ప్రయాణం అయిపోతారు. నేనైతే ముందు మాతా కొలను దగ్గరికి వెళ్లమంటాను. ఆ క్షేత్రం కథ మొదలైంది అక్కడే.

పాలు పోయడానికి వెళ్తున్న కుర్రాడు ఆ కొలను గట్టున మర్రిచెట్టు కింద ఆగాడట. బిడ్డనెత్తుకున్న తల్లి కనిపించి పాలు అడిగితే పోశాడు. యజమాని ఇంటికి చేరి చూసేసరికి కుండ నిండుగానే ఉందంటారు. తర్వాత కొన్నేళ్లకు నడుతిట్టు అనే చోట మజ్జిగ అమ్మే కుంటి అబ్బాయికి మరియమ్మ దర్శనమిచ్చింది. అతను లేచి నాగపట్నం దాకా పరుగెత్తి ఒక క్యాథలిక్ పెద్దమనిషికి చెబితే, ఆయన చొరవతో గడ్డికప్పు గుడి వెలిసింది. ఆ పైన తుఫానులో చిక్కుకున్న పోర్చుగీసు నావికులు సెప్టెంబర్ 8న, మరియతల్లి పుట్టినరోజున, ఈ ఒడ్డుకు చేరారు. కృతజ్ఞతగా ఆ పాకను పక్కా గుడిగా మార్చారు. తర్వాతి ప్రయాణాల్లో వాళ్లు తెచ్చిన చైనా పింగాణీ పళ్లేలు పీఠం దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. హడావిడిలో అవి కంటపడవు, ఆగి వెతికి చూడండి.

ఇవన్నీ తరతరాలుగా నోటిమాటగా వచ్చినవి. రాతలో దొరికే చరిత్ర కూడా తక్కువదేం కాదు. చాలాకాలం ఇది నాగపట్నం విచారణ (ఒక పాదిరి చూసుకునే చర్చి పరిధి) కింద ఉన్న చిన్న గుడి. 1771లో సొంత విచారణ అయింది. 1962లో 23వ యోహాను పోప్ బసిలికా హోదా, అంటే ముఖ్యమైన చర్చిలకు పోప్ ఇచ్చే ప్రత్యేక గౌరవం, ఇచ్చారు. ఆ రెంటికీ మధ్య 191 ఏళ్లు. అన్నేళ్లూ రోగం నయమవ్వాలనీ, కడుపు పండాలనీ జనం వస్తూనే ఉన్నారు. అందులో హిందువులు, ముస్లింలు కూడా ఉన్నారు. తలనీలాలు, కొబ్బరి మొక్కలు, అమ్మకు చీరలు, ఇవన్నీ వాళ్ల మొక్కులే. కానుకల మ్యూజియంలో వెండి కాళ్లు, చేతులు, కళ్లు, పక్కనే కృతజ్ఞత ఉత్తరాలు చూశాక, ఒక విచారణ గుడి పుణ్యక్షేత్రం ఎలా అయిందో నాకు అర్థమైంది. జనం ముందు వచ్చారు, హోదా తర్వాత వచ్చింది. మ్యూజియానికి గంటైనా కేటాయించండి.

బసిలికా నుంచి కొలను దాకా ఇసుక బాట ఉంది. మోకాళ్లపై నడిచే మొక్కున్నవాళ్లు తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. ఎండెక్కితే ఇసుక కాలుతుంది. పెద్దవాళ్లకు అసలు వద్దు, పక్కన నడుస్తూ జపమాల చెప్పుకున్నా చాలు.

బస విషయంలో నా ఓటు పుణ్యక్షేత్రం వాళ్ల సొంత లాడ్జీలకే. సాదాగా ఉంటాయి, గుడికి దగ్గర, టెన్షన్ ఉండదు. దొరక్కపోతే ప్రైవేటు లాడ్జీలు బోలెడు. గది చూడకుండా మాత్రం డబ్బు కట్టకండి. మాకు ఒకచోట ఏసీ గది అని తీసుకెళ్లి, పనిచేయని ఏసీ ఉన్న గది ఇచ్చారు. గట్టిగా అడిగాకే మార్చారు. బస్టాండులో వెంటపడే ఏజెంట్లను దూరం పెట్టడం మంచిది.

ఆగస్టు 29న జెండా ఎత్తిన దగ్గర్నుంచి సెప్టెంబర్ 8 దాకా పండుగ. కాషాయ బట్టల్లో రోజుల తరబడి నడిచొచ్చే వాళ్లను చూడాలంటే అప్పుడే వెళ్లాలి. చిన్నపిల్లలుంటే వద్దంటాను. నిలబడడానికి చోటుండదు, గదులు ముందే నిండిపోతాయి.

సముద్రం దగ్గర జాగ్రత్త. 2004 డిసెంబర్ 26న సునామీ నీళ్లు బసిలికాలోకి రాలేదు, లోపల పూజలో ఉన్నవాళ్లు బతికారు. తీరంలో ఉన్న యాత్రికులు, చుట్టుపక్కల జనం వందల్లో చనిపోయారు. వాళ్ల కోసం స్మారకం ఉంది, అక్కడ కాసేపు ప్రార్థన చేయండి.

రైల్లో వెళ్లేవాళ్లకు నాగపట్నం మేలు. అక్కడి నుంచి వేళాంగణి 12 కిలోమీటర్లే, బస్సులు తరచుగా ఉంటాయి. తెలుగులోనూ దివ్యపూజ (మాస్) జరుగుతుంది. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజే ఆఫీసులో అడిగి పెట్టుకోండి.