ఢిల్లీలో ‘బంద్ హై’ అన్న ప్రతిసారీ

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దిగి న్యూఢిల్లీ స్టేషన్ పహాడ్‌గంజ్ వైపు బయటికొచ్చామో లేదో, ఒకతను మా సూట్‌కేసు అందుకోబోయాడు. కరోల్‌బాగ్‌లో రూమ్ ఉందని హోటల్ పేరుతో సహా చెప్పేశాను. అదే తప్పు. “అక్కడ గొడవలు సాబ్, హోటల్ బంద్ హై” అంటూ తనే ఫోన్ కలిపి చేతికిచ్చాడు. అవతలి గొంతు బుకింగ్ క్యాన్సిల్ అంది. నాకు టెన్షన్. మా మామగారు మాత్రం, “అతను కొట్టిన నంబరు హోటల్‌దేనని నీకెలా తెలుసయ్యా?” అన్నారు. బుకింగ్ కాగితం మీది నంబరుకు మేమే చేస్తే గది సిద్ధంగా ఉందన్నారు. తలెత్తేసరికి మనిషి మాయం.

గది ఇరుకే కానీ వేడినీళ్లకు లోటు లేదు.

విదేశీయుల తిప్పలు ఇంకా ఎక్కువ. స్టేషన్ మొదటి అంతస్తులో వాళ్లకోసం టికెట్ కౌంటర్ ఉంది. అది మూసేశారని చెప్పి ఇలాంటివాళ్లే కన్నాట్ ప్లేస్‌లో ఏదో ప్రైవేటు ట్రావెల్ ఆఫీసుకు తీసుకెళ్లి, అదే ప్రభుత్వ టూరిస్ట్ ఆఫీసంటూ కూర్చోబెడతారు. కేంద్ర పర్యాటక శాఖ అసలు ఆఫీసు 88, జన్‌పథ్‌లో ఉంటుంది.

బుధవారం ఎర్రకోటకు బయల్దేరితే ఆటో అతనిదీ అదే పాట: వీఐపీ వస్తున్నాడు, బంద్. కోటకు సోమవారం నిజంగానే సెలవు కాబట్టి ఈ అబద్ధం సులువుగా అతుకుతుంది. “పది నిమిషాలు, చూడ్డానికే” అని శాలువాల షాపులో దింపాడు. గంట కూర్చుని, ‘పష్మీనా’ అన్నదొకటి 1,800కి కొన్నాను. అది పష్మీనా కాదని మా ఆవిడ గదికొచ్చాక తేల్చింది. కోట తెరిచే ఉందని మర్నాడు తెలిసింది. ఈసారి మెట్రోలో వెళ్లాం, లాల్ ఖిలా స్టేషన్ కోట పక్కనే. ఆటోయే కావాలంటే ప్రీపెయిడ్ బూత్‌లో తీసుకోండి. ఆ చీటీ దిగాకే డ్రైవర్‌కు ఇవ్వాలి.

కొనుగోళ్లకు బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లోని రాష్ట్రాల ఎంపోరియంలు నయం, బేరాల గోల ఉండదు. మన లేపాక్షి కూడా అక్కడుంది. ఢిల్లీ దాకా వెళ్లి కొండపల్లి బొమ్మ కొన్న ఘనత మాది.

చివరి రోజు నాలుగింటికి ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు వెళ్తే గేటు దగ్గరతను “బంద్ హై” అన్నాడు. మామగారు నవ్వి, అతణ్ని దాటుకుని లోపలికి నడిచారు. నిజంగానే మూసేశారు.