విజయనగరంలో రెడీమేడ్ మినీ ప్రాజెక్ట్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల ప్రాజెక్టులు చేసిపెట్టే సెంటర్లు బోలెడు. వాటిలో ఒకచోట మా తమ్ముడికి "స్టాక్‌తో మార్కప్ పార్సర్" అనే మినీ ప్రాజెక్ట్ తీసుకున్నాం. అంటే వెబ్‌పేజీల్లాంటి ఫైళ్లలో ట్యాగ్‌లు (కోణపు బ్రాకెట్లలో రాసే గుర్తులు) వరసగా తెరిచి మూశారో లేదో చూసే ప్రోగ్రామ్. సెంటర్ పేరు రాయను, అనవసరమైన గొడవ. కోడ్, రిపోర్ట్, పీపీటీ అన్నీ ఇస్తాం, పైగా లైన్ లైన్ కూర్చోబెట్టి నేర్పిస్తాం అన్నారు, ఆ మాట నమ్మే ఆరు వేలు చేతిలో పెట్టాం. నేర్పడం లేదు ఏమీ లేదు, వాట్సాప్‌లో ఒక జిప్ ఫైల్ పడేశారు.

సరే, అది పక్కన పెట్టండి, అసలు మోసం కోడ్‌లో ఉంది. రిపోర్ట్ నిండా స్టాక్ (డేటాని ఒకదాని మీద ఒకటి పేర్చే పద్ధతి), అందులో పుష్ (పైన పెట్టడం), పాప్ (పైది తీయడం) బొమ్మలే. కోడ్ తెరిస్తే స్టాక్ అని ఒక క్లాస్ రాసి ఉంది గానీ మెయిన్‌లో దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు! జరిగేదల్లా తెరిచే ట్యాగ్ వస్తే కౌంట్ పెంచడం, మూసే ట్యాగ్ వస్తే తగ్గించడం, చివరికి సున్నా వస్తే "వ్యాలిడ్" అని ప్రింట్ చేయడం. రివ్యూలో సార్ ఈ ఒక్క లైన్ ఇచ్చారు:

<ఊరు><వీధి>కోట</ఊరు></వీధి>

(ట్యాగ్‌లతో సమాచారం రాసే ఎక్స్‌ఎంఎల్‌లో ట్యాగ్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, అది తప్పు కాదు.) వీధి లోపల ఉండగానే ఊరు మూసేశారు, కాబట్టి ఎర్రర్ రావాలి. మావాడి ప్రోగ్రామ్ మాత్రం దర్జాగా వ్యాలిడ్ అంది. </ఊరు><ఊరు> అని తిరగేసి ఇచ్చినా వ్యాలిడే, మైనస్ ఒకటికి పోయి మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది కదా.

నిజంగా స్టాక్ వాడితే లెక్కపెట్టడంతో పనే ఉండదు. చేతికి గాజులు వేసుకున్నట్టే, చివర వేసింది ముందు రావాలి. తెరిచిన ట్యాగ్ పేరు పుష్ చేస్తారు, మూసే ట్యాగ్ రాగానే పైనున్న పేరుతో పోల్చి, కలిస్తే పాప్ చేస్తారు, కలవకపోతే అక్కడే ఎర్రర్. పాప్ చేద్దామంటే స్టాక్ ఖాళీగా ఉన్నా ఎర్రరే, ఫైల్ అయిపోయాక లోపల ఏమైనా మిగిలినా ఎర్రరే.

సెంటర్‌కి వెళ్లి అడిగితే "ఏటి బాబూ, వైవాలో ఇంత లోతుగా ఎవులడుగుతారు, మీ సారే కావాలని చేస్తన్నారు" అన్నారు. డబ్బు వెనక్కి ఇమ్మంటే బిల్లు చూడమన్నారు. బిల్లు మీద ఏముందో తెలుసా, "ప్రింటింగ్, బైండింగ్ చార్జీలు"! కోడ్ ఊసే లేదు. అందుకే ముందే బిల్లు మీద ప్రాజెక్ట్ పేరు, కోడ్ అని రాయించుకోండి, లేకపోతే రేపు కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా చూపించడానికి మన దగ్గర కాగితం ఉండదు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు వాళ్ల కంప్యూటర్ మీదే రన్ చేయించండి. పైన రాసిన రెండు లైన్లూ ఇవ్వండి. హెచ్‌టీఎంఎల్ (వెబ్‌పేజీలు రాసే భాష) కూడా చదువుతుంది అంటే మధ్యలో ఒక బీఆర్ ట్యాగ్ (కొత్త లైన్‌కి వెళ్లడానికి పెట్టేది) పెట్టండి, దానికి మూసే ట్యాగ్ ఉండదు కాబట్టి దాన్ని స్టాక్‌లోకి తోయకూడదు, మా కోడ్ అయితే అక్కడ ఇన్‌వ్యాలిడ్ అని గోల పెట్టింది. కామెంట్ (ప్రోగ్రామ్ పట్టించుకోకూడని నోట్) లోపల ఒక ట్యాగ్ పెట్టి చూడండి, దాన్ని కూడా లెక్కేసిందంటే ఇక లేచి వచ్చేయొచ్చు.

మా తమ్ముడి క్లాస్‌లోనే ఇంకొకడికి టైటిల్ మార్చి ఇదే ఫైల్ అంటగట్టారు, శ్రీకాకుళంలో చదివే మా పిన్ని కొడుక్కి కూడా ఇదే వచ్చింది. గుర్తుపట్టడం తేలికే: రిపోర్ట్ మూడో చాప్టర్ నుంచి పేజీ పైన వేరే కాలేజీ పేరు అలాగే వదిలేశారు.